చట్టంలో పాల మాట

“గేటు దగ్గరే నిలబెట్టి మాట్లాడు. లోపలికి పిలవాకు” అంది లక్ష్మీదేవమ్మ.

మనవరాలు పద్మప్రియ వినిపించుకోనట్టే గేటుకేసి నడిచింది. లోపలికి మాత్రం పిలవలేదు.

పద్మప్రియ హిందూపురంలో హాస్టల్లో ఉండి పన్నెండో తరగతి చదువుతోంది. సరోగసీ చట్టం మీద ప్రాజెక్టు. నెట్‌లో దొరికిందంతా ఎత్తి రాసింది.

“ఇంకొకరికి బిడ్డను కనిచ్చిన మనిషి ఒక్కతయినా మాట్లాడిందా ఇందులో? లేకుంటే పోటీకి పంపను” అని టీచరు తిప్పి పంపింది.

సోమవారమే గడువు. పద్మప్రియకు కాలు నిలవడం లేదు.

చిలమత్తూరు దగ్గర తమ ఊళ్లోనే, ఊరి బయట కాలనీలో, అలాంటి మనిషి ఉందని విని, ఇంటికొచ్చి కబురు పెట్టింది.

రూతు వచ్చింది. చంకలో మూట. ఊరు ఖాళీ చేసి బెంగళూరుకు, కొడుకు దగ్గరికి పోతోంది. ఇక్కడ బోర్లన్నీ ఎండిపోయాయి. కూలి లేదు. ఈ ఊళ్లో ఎండనిది కులం ఒక్కటే.

“బస్సొచ్చే టయిమయితాంది పాపా. బిన్నా అడుగు.”

తొందర పెట్టిన మనిషే పద్మప్రియ మొహం చూస్తూ నిలబడిపోయింది.

“పండ్లు చక్కంగా వచ్చినాయే నీకు.”

ఇదేం మాట? పద్మప్రియ ఫోన్లో రికార్డింగు నొక్కింది.

“ఎవరి బిడ్డను కన్నావు?”

“ఎవురో బెంగళూరోళ్లు. పేరు చెప్పలా. కన్నంక బిడ్డ మొగం గూడా చూపీలా.”

“ఇప్పుడైతే అది నేరం, తెలుసా? రెండువేల ఇరవై ఒకటిలో చట్టం వచ్చింది. డబ్బుకు కనకూడదు. పెళ్లయి, సొంత బిడ్డ ఉన్న మనిషే కనాలి. జన్మలో ఒక్కసారే. అదీ ఇష్టంతో.”

“ఇష్టమంటే?”

“బలవంతం ఉండకూడదు.”

“కరువు బలవంతం చేస్తే?”

పద్మప్రియ గేటు గడియ తీసింది. మళ్లీ వేసింది.

“మూడేళ్లు ఇన్సూరెన్స్ కూడా ఇవ్వాలి” అంది.

“పాల మాట రాసినారా?”

“ఏ పాలు?”

“కన్నంక పాలొస్తాయి గదా. బిడ్డనేమో వాళ్లెత్తకపోతారు. ఆ పాలేం చేయల్లని రాసినారా?”

పద్మప్రియ ఫోన్లో చట్టాన్ని పైకీ కిందికీ జరిపింది. కనిపించలేదు. చిరాకేసింది.

“నువ్వేం చేశావు?”

రూతు ఇంటివైపు చూసింది. పంచలో లక్ష్మీదేవమ్మ కదలకుండా నిలబడి ఉంది.

“నేలపాలు చేయలేదులే.”

“అది కాదు. కడుపులో మోసిన బిడ్డను ఆడనే వదిలేసి వచ్చావే. తల్లి మనసు లేదా నీకు?”

రూతు మూట ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది.

“రోంత నీళ్లియ్యి పాపా.”

పద్మప్రియ స్టీలు గ్లాసులో తెచ్చింది. లక్ష్మీదేవమ్మ మధ్యలోనే ఆపి, ఆ నీళ్లు కాగితం గ్లాసులోకి వంపింది. రూతు అంతా చూసింది. గడగడా తాగింది. ఖాళీ గ్లాసు నలిపి తన మూటలోనే దోపుకుంది.

“బాగా సదువుకో” అంటూ రోడ్డెక్కింది.

పద్మప్రియ నిలబడే టైపు చేసింది: ‘వీళ్లకు కనడం ఒక పని. తల్లితనం ఉండదు.’

ప్రాజెక్టు అయిపోయింది. కాలు మాత్రం ఇంకా నిలవలేదు. గేటు నుంచి పంచకు, పంచ నుంచి గేటుకు తిరిగింది.

“అవ్వా, ఆయమ్మ పాల సంగతి ఎందుకు అడిగింది?”

“దానికి మతి లేదు. విడువు.”

“నా పండ్లెందుకు చూసింది? నన్ను ఆమే కన్నదా?”

“థూ. నిన్ను మీ అమ్మే కన్నది.”

“మరి?”

బస్సు హారను వినిపించింది. మలుపులో దుమ్ము లేచింది. అది అణిగేదాకా లక్ష్మీదేవమ్మ అటే చూసింది.

“ఎవురితోనూ అనాకు” అంది గొంతు తగ్గించి. “మీ అమ్మకు పాలు పడలా. డబ్బా పాలు పోస్తే కక్కుతాంటివి. బతకవనుకున్యాం. ఆ వారంలోనే ఆయమ్మ వట్టిచేతులతో ఊరికొచ్చింది, రవికంతా పాలతో తడిసిపోతాంటే. దొడ్డివాకిట్లోకి పిలిపించి, నీకు పండ్లొచ్చి కొరికిందాకా ఆమె పాలే తాపించినాం.”