పదకొండు టీసీలు

బుడమేరు వాగు పొంగి సింగ్ నగర్‌ని ముంచిన ఏడాది అది. జనం ఇళ్లలో బురద కడుక్కుని మూడు నెలలైనా కాలేదు, హైస్కూలు హెడ్మాస్టరు సంజీవరావు తన పదో తరగతిని కడగడానికి పూనుకున్నాడు.

"సంతకం పెట్టవయ్యా," అని కాగితం బల్ల మీదికి తోశాడు. "నీ వెనకాల ఇంకా పదిమంది నిలబడున్నారు."

ఎదురుగా ఉన్న బాబ్జాన్ వన్ టౌన్ గోడౌన్లలో బియ్యం మూటలు మోసే హమాలీ. కబురొస్తే పని ఆపుకుని వచ్చాడు. పక్కన మనవరాలు ఆఫ్రీన్ తల వంచుకుని నిలబడింది.

"ఏంటండీ ఇది?"

"టీసీ. మీ పిల్లని మీరే ఇష్టపడి మా బళ్లో మాన్పించుకుంటున్నట్టు."

"మేం ఇష్టపడలేదు గదండీ."

"ఇప్పుడు పడు."

గోడకి పెద్ద చార్టు ఒకటి వేలాడుతోంది. వారం రోజులు పంతుళ్లందర్నీ కూర్చోబెట్టి గీయించాడు. పిల్లల పేర్లు, కులం, మతం, ఉండే వీధి, తండ్రి చేసే పని, వచ్చిన మార్కులు. పాసయ్యేవాళ్లకి పచ్చరంగు, అనుమానం ఉన్నవాళ్లకి ఎర్రరంగు. ఏ వీధిలో వరద నీళ్లు ఎన్నాళ్లు నిలిచాయో అందులో లేదు. ఎంతమంది పుస్తకాలు కొట్టుకుపోయాయో లేదు. అంత తెలివైన చార్టు అది.

"చూడు. ఎర్రవన్నీ మీ వీధులే. కూలీలు, ఆటోలవాళ్లు, హమాలీలు. మీ పిల్లకి లెక్కల్లో ముప్పై ఒకటి."

"ఎంత రావాలండీ?"

"ముప్పై అయిదు."

"నాలుగేగదండీ. మార్చికల్లా తెచ్చుకుంటది. పరీక్షకి కూర్చోనియ్యండి, చాలు."

"తెచ్చుకోకపోతే? నీ మనవరాలి నాలుగు మార్కుల కోసం నా వంద శాతం నీళ్లలో కలవాలా?"

లెక్కల టీచరు ఉషశ్రీ ఉండబట్టలేకపోయింది. "సార్, ఆ పిల్ల చేతికి కొత్త పుస్తకాలొచ్చిందే దసరా వెళ్లాక. రోజూ సాయంత్రం నేను కూర్చోబెట్టి చెప్తాను."

"మీరు కూర్చోబెడతారు మేడమ్. పోయినేడు పాసు శాతం తగ్గిందని మీటింగులో అందరి ముందూ నిలబెట్టింది మాత్రం నన్ను."

బాబ్జాన్ మనవరాలి వంక చూశాడు. ఆ పిల్ల కళ్లెత్తలేదు.

"ఈ కాగితం పట్టుకెళ్తే ఇంకో బళ్లో పరీక్షకి కూర్చోనిస్తారాండీ?"

"పరీక్ష రాసేవాళ్ల పేర్లు పంపడానికి ఇంకా నాలుగు రోజులు టైముంది. తిరిగి చూసుకో," సంజీవరావు నవ్వాడు. "ఈ సరుకు ఎవడు దించుకుంటాడో నేనూ చూస్తా."

బాబ్జాన్ పెన్ను అందుకున్నాడు. మాట్లాడితే మూట తేలికవుతుందా? మెల్లగా సంతకం గీశాడు. అతని వెనకాల పదిమందీ గీశారు.

నాలుగింటికల్లా కంప్యూటర్లోంచి పదకొండు పేర్లూ తీయించేశాడు సంజీవరావు. చార్టు మీద ఎరుపు కనబడకుండా తెల్లకాగితం ముక్కలు అంటింపజేశాడు. జీడిపప్పు పకోడీ తెప్పించుకుని, కుర్చీలో వెనక్కి వాలి, ఆ పచ్చదనం చూసుకుంటూ తిన్నాడు.

అయిదింటికి ఫోన్లో జిల్లా ఆఫీసు ఆర్డరు వచ్చింది. రేపు మధ్యాహ్నం పన్నెండింటికి కంప్యూటర్లో రెండొందల యాభై మంది పిల్లలు లేని హైస్కూలుకి ఇక విడిగా హెడ్మాస్టరు ఉండడు. దగ్గర్లోని హైస్కూలు హెడ్మాస్టరే దాన్నీ చూసుకుంటాడు. ఇప్పుడున్న హెడ్మాస్టరు వాళ్ల కింద మామూలు టీచరుగా పాఠాలు చెప్పుకోవాలి.

సంజీవరావు నోట్లో పకోడీ అలాగే ఉండిపోయింది. పొద్దున బళ్లో రెండొందల యాభై ఎనిమిది మంది. ఇప్పుడు రెండొందల నలభై ఏడు. కాగితం మీద తీసేసి చూశాడు, వేళ్ల మీద లెక్కపెట్టి చూశాడు. ఎలా చూసినా ముగ్గురు తక్కువే. పిల్లల్ని శాతాలుగా చూసీ చూసీ, తలలు లెక్కపెట్టడం మరిచాడు పెద్దమనిషి.

మర్నాడు పొద్దున ఏడింటికే పటమట నుంచి స్కూటరు మీద వచ్చి సింగ్ నగర్ సందులో దిగాడు. గోడల మీద వరద చారలు ఆయన తలకంటే ఎత్తున ఉన్నాయి. అటు చూడలేదు. వెతుక్కుంటూ బాబ్జాన్ ఇంటి ముందు ఆగాడు.

గుమ్మంలో ఆఫ్రీన్ యూనిఫాం తొడుక్కుని, రెండు జడలు వేసుకుని, భుజాన బ్యాగుతో నిలబడి ఉంది. సంజీవరావుకి ప్రాణం లేచొచ్చింది.

"బంగారు తల్లీ! నువ్వు బడి మానవని నాకు తెలుసమ్మా. రా, స్కూటరెక్కు."

బాబ్జాన్ భార్య మెహబూబ్ బీ టీ గ్లాసు తెచ్చి చేతికిచ్చింది. బాబ్జాన్ చొక్కా తొడుక్కుంటూ బయటికొచ్చాడు.

"బాబ్జాన్ గారూ, నిన్న ఏదో చిరాకులో అన్నాను, మనసులో పెట్టుకోకండి. నాలుగు మార్కులదేముందండీ, ఆడుతూ పాడుతూ వస్తాయి! మీ సందులో ఇంకో ఇద్దర్ని కూడా కేకెయ్యండి. ముగ్గురు చాలు."

"మిగతా ఎనిమిది మందో?"

"వాళ్లెందుకండీ ఇప్పుడు? వాళ్లతో నాకు పన్లేదు."

బాబ్జాన్ మూటలు లాగే కొక్కెం తీసి భుజాన వేసుకున్నాడు. మనవరాలి తల నిమిరాడు. నిన్నటి నుంచీ దాచుకున్న మాటలన్నీ ఒక్కసారే అన్నాడు.

"నిన్న రాత్రే ఈ దగ్గర్లో కాలవ అవతలి హైస్కూలు హెడ్మాస్టరమ్మ గారొచ్చి పదకొండు మందినీ చేర్చుకున్నారండి, ఆవిడక్కూడా తలలు తగ్గాయంట. యూనిఫామంటారా, గవర్నమెంటు బడి ఏదైనా ఒకటే గదండీ. టీ తాగండి సార్, చల్లారిపోద్ది. ఇయ్యాల్టి నుంచి మీరు కూడా ఆవిడ కిందేనంటగా?"