యాదలక్ష్మి ఉన్న చోటు

యాదలక్ష్మి మళ్లీ తప్పిపోయింది.

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో మెట్ల కింద నిలబడి భిక్షపతి అటూ ఇటూ చూశాడు. పక్కనే ఉందనుకున్న భార్య పక్కన లేదు. చీరల దుకాణం ముందు లేదు. చెరుకురసం బండి దగ్గరా లేదు. బోర్డులు చదవడం కూడా రాని మనిషి, ఇంత జనంలో ఎటు కొట్టుకుపోయిందో ఏమో!

జేబులోంచి ఫోన్ తీశాడు.

ఆ ఫోనంటే మొదట్లో ఆయనకు ఒళ్లుమంట. "దగ్గర పెట్టుకో నాయినా, నువ్వేడున్నవో మాకెరుకైతది" అని కొడుకు మహిపాల్ తెచ్చిస్తే మంచం మీదికి విసిరేశాడు. "సిటీ బస్సు నడిపినోణ్ణిరా నేను. నాకు దారి జెప్పేటంత మొనగాడా ఇది?" అని రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఉద్యోగం అయిపోయినా డ్రైవర్ పౌరుషం అట్లాగే మిగిలింది మరి.

ఆ తర్వాత ఒక సాయంత్రం యాదలక్ష్మి వచ్చి పక్కన కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకుంది.

"నాకీమధ్య దారులు యాదికుంటలెవ్వయ్యా. ఏడనన్న తప్పిపోతనేమోనని బుగులైతుంది. గీ ఫోన్ల నా ఫొటో కనవడుతది సూడు. గా ఫొటో ఏడుంటె నేనాడుంట. నువ్వొచ్చి నన్ను తోల్కపోవాలె."

ఇన్నేళ్ల కాపురంలో ఆమె అంత బేలగా మాట్లాడటం ఆయన ఎరగడు. ఆ రోజే ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. తన కోసమైతే చచ్చినా నేర్చుకునేవాడు కాదు. ఆమె కోసం మాత్రం, మాట వినని వేలితో కుస్తీ పడుతూ, ఫోన్ కనిపెట్టినవాణ్ణి తిడుతూ, ఎక్కడ నొక్కితే మ్యాప్ వస్తుందో నేర్చుకున్నాడు.

ఇప్పుడు అక్కడే నొక్కాడు. గట్టిగా నొక్కితే కదల్లేదు. మెల్లగా తాకితే తెరుచుకుంది. గీతల మధ్య చిన్న గుండ్రటి బొమ్మలో యాదలక్ష్మి. ఎల్బీనగర్ దాటి, మన్సూరాబాద్ వైపు ఏదో కాలనీలో ఉంది.

అంత దూరం ఎట్లా పోయింది? అక్కడ మనవాళ్లెవరున్నారు?

ఫోన్ చేశాడు. ఒక్క రింగుకే ఎత్తింది.

"ఏడున్నవే?"

"ఏమో అయ్యా, ఎరుకైతలేదు. అన్ని ఇండ్లు ఒక్కతీరుగున్నయ్. నువ్వే నా ఫొటో సూస్కుంట రా."

"పరేషాన్ గాకు. వస్తున్న. ఎటూ కదలకు."

"ఏడికి పోత? నువ్వొచ్చేదాక ఈడ్నే కూసుంట" అంది.

ఆటో ఆపాడు.

"ఏడికి పెద్దాయనా?"

భిక్షపతి ఫోన్ ముందుకు చాచాడు. "గీమె దగ్గరికి."

ఆటో అతనికి నవ్వొచ్చింది. పెద్దాయన మొహం చూసి నవ్వు మింగేసి బండి తిప్పాడు.

కొత్తపేట దాటుతుంటే భిక్షపతి తల బయటపెట్టి చూశాడు. "పండ్ల మార్కెట్ ఏదయ్యా? దాటేసినవా?"

"మార్కెట్ ఈడికెల్లి ఎత్తేసి ఏండ్లయితుంది గద."

ఆయనకు ఒళ్లు మండింది. చెప్పాపెట్టకుండా మార్కెట్లు ఎత్తేస్తారు, ఉన్న రోడ్డు మీద ఇంకో రోడ్డు వేస్తారు. ఇట్లాంటి ఊళ్లో పాపం ఆ మనిషి తప్పిపోక ఏం చేస్తుంది! మొన్నొకసారి దొరికినప్పుడు నలుగురిలో కసిరాడు కూడా. అది గుర్తొచ్చి సిగ్గేసింది. ఎవరి గడప ముందు కూర్చుందో, మంచినీళ్లయినా ఇచ్చారో లేదో. మతిమరుపు తనకు రాకుండా ఆమెకెందుకు వచ్చిందని దేవుడి మీద కోపం వచ్చింది.

ఎల్బీనగర్ చౌరస్తా దగ్గర ఫోన్ నల్లబడింది.

భిక్షపతి దాన్ని తట్టాడు. ఊపాడు. చొక్కాకు తుడిచాడు. "పోయిందయ్యా, నా పెండ్లాం పోయింది" అని చిన్నపిల్లవాడిలా ఏడ్చేశాడు.

ఆటో అతను బండి పక్కకు ఆపాడు. "ఏం గాలే, చార్జింగ్ అయిపోయింది. ఇటియ్యి" అని హ్యాండిల్ దగ్గర వేలాడుతున్న వైరు గుచ్చాడు. కాసేపటికి వెలుగొచ్చింది. గీతలొచ్చాయి. యాదలక్ష్మి వచ్చింది. ఇందాక ఉన్న చోటే ఉంది.

"కదల్లే" అన్నాడు భిక్షపతి, ముక్కు తుడుచుకుంటూ. "నా మాటిన్నది."

సందులు తిరిగి తిరిగి ఆటో ఒక గల్లీలోకి మళ్లింది. ఒక ఇంటి గేటు బయట, అరుగు మీద, మోకాళ్లు దగ్గరికి లాక్కుని కూర్చుని ఉంది యాదలక్ష్మి. బండి ఆగీ ఆగకముందే భిక్షపతి దిగేశాడు.

"ఏందే నువ్వు! నా పానం తీస్తవా?" కసురుదామనుకున్నాడు. కానీ వంగి ఆమె తల నిమిరాడు.

"తప్పయింది" అంది ఆమె, తల దించుకుని. "మర్చిపోయిన."

"ఎవల ఇంటి ముంగట కూసున్నవ్? ఆల్లేమన్న అన్నరా?"

"ఏమనలె. మంచోళ్లే."

"నీళ్లు తాగినవా?"

తలూపింది. భిక్షపతి ఆమె భుజం మీద చెయ్యేసి, ఆటో వైపు తిరిగాడు. "జర ఆగు తమ్మీ. ఇద్దరం ఎక్కుతం. పా లచ్చిమీ, ఇంటికి పోదాం."

పొద్దుటి నుంచి ఆయన కోసం అక్కడే కూర్చున్న యాదలక్ష్మి కొంగుతో కళ్లు తుడుచుకుని లేచి, ఆయన చెయ్యి పట్టుకుని, వెనకనున్న గేటు తీసి, 'భిక్షపతి, రిటైర్డ్ ఆర్టీసీ డ్రైవర్' అని పేరు చెక్కి ఉన్న గుమ్మంలోంచి లోపలికి నడిపించుకుపోయింది.