ఉడుము కింద ఇసుక

“ఇది పోయిందంటే వాడి మీద ఆశ కూడా వదులుకోవాల్సిందే,” అంది మబ్రూకా, బుట్ట ఇంకా కింద పెట్టకుండానే.

ఆ మాట మొగుడు మోస్బాతో అందో, పిట్టల కొట్టు బెల్గాసెంతో అందో తెలియలేదు. మోస్బా వలలు బాగుచేసే మనిషి, మొదట్నుంచీ మాట తక్కువ. కొడుకు పడవెక్కాక ఆ కాస్తా పోయింది.

బెల్గాసెం బుట్ట మీది గుడ్డ తీశాడు. మోచేతి పొడవున ముళ్ళతోక ఉడుము, కళ్ళు సగం మూసుకుని పడుంది.

“తిని ఎన్నాళ్ళైంది?”

“ఆరు రోజులు. పప్పు నానబెట్టి పెట్టాను, లేత ఆకు తరిగి పెట్టాను. మూతి తిప్పేసుకుంటోంది. ఊపిరాడుతోందో లేదోనని గంటకోసారి పొట్ట మీద చెయ్యేసి చూస్తున్నాను.”

“దానికి ఆడుతోంది గానీ అక్కా, నీకే ఆడుతున్నట్టు లేదు. కాస్త కూర్చో.”

ఆమె కూర్చోలేదు. “మా అబ్బాయి నిజార్ వదిలి వెళ్ళిన ప్రాణి తమ్ముడూ ఇది. నాలుగేళ్ళైంది. ఇటలీ చేరగానే ఫోన్ చేస్తా, అందాకా దీన్ని చూసుకోమ్మా అన్నాడు.”

ట్యునీసియా ఒడ్డున ఉన్న జర్జిస్‌లో ఆ మాట విన్నాక ‘చేశాడా’ అని ఎవరూ అడగరు. బెల్గాసెం కూడా అడగలేదు. ఉడుమును వెల్లకిలా తిప్పి పొట్ట నొక్కాడు.

“గట్టిగా ఉంది. గూట్లో అడుగున ఏం వేస్తున్నారు?”

“ఇసుక. ఈయనే ఒడ్డు నుంచి తెచ్చి పోస్తాడు. నా మోకాళ్ళ వైద్యానికి గాబెస్ వెళ్ళినప్పుడల్లా తిండీ తిప్పలూ కూడా ఈయనే చూస్తాడు. ఎడారి ప్రాణికి ఇసుక కాక పట్టుపరుపు వేస్తామా?”

“ఇక్కడ అందరూ అదే అంటారు. ఇది ఎడారిలో ఉండేది రాళ్ళ సందుల్లో, గట్టి నేల మీద. గూట్లో ఇసుక పోసి దాని మీదే ఆకేస్తే ఆకుతోపాటు ఇసుకా మింగుతుంది. కడుపులో ఇటుకలా బిగుసుకుంటుంది. ఏడాది, మహా అయితే ఏడాదిన్నర. అంతే.”

మబ్రూకా మేత బస్తా మీద కూలబడింది. “మరేం వెయ్యాలి? ఖరీదైనది చెప్పకు.”

“రంపపు పొట్టు చవక.”

“దుమ్ము లేస్తుంది. ఊపిరితిత్తులు పట్టేస్తే?”

“గానుగ దగ్గర ఒలీవ పిప్పి ఊరికే ఇస్తారు.”

“తడి తగిలితే బూజు పడుతుంది. దీనికి దగ్గొస్తే నాకెలా తెలుస్తుంది?”

“పోనీ పాత పేపర్లు పరిచెయ్యి.”

“సిరా నాకితే?”

“సిరాతో పోదులే అక్కా. పోతే అందులో వార్తలతో పోవాలి.”

ఎవరూ నవ్వలేదు. ఆ పేపర్లలో పడవల వార్తలు ఎన్ని వచ్చాయో ఆ ముగ్గురికీ తెలుసు. బెల్గాసెం తడబడి పక్కనున్న బస్తా విప్పాడు.

“ఇవి కొర్రలు. పిట్టల మేత. మింగినా అరుగుతాయి. గూడంతా పరవడానికి ఒక బస్తా సరిపోతుంది. నలభై దీనార్లకిస్తాను. ఇవాళ్టి నుంచి ఇసుక ఆపి, రోజూ గోరువెచ్చని నీళ్ళలో కూర్చోబెడితే ఇది బతుకుతుంది. మళ్ళీ ఇసుక పోస్తే మాత్రం బతకదు.”

“మేం జొన్న జావ తాగుతుంటే ఈ దొరగారు కొర్రల మీద పడుకుంటారా,” అంది మబ్రూకా. అంటూనే గుప్పెడు కొర్రలు తీసి, వేళ్ళ మధ్య నలిపి, రాళ్ళున్నాయేమోనని చూసింది. కొనేలాగే ఉంది. అంతలో చెయ్యి ఆగింది.

“ఉండు. ఏడాదిన్నర అన్నావు కదూ?”

“అన్నాను.”

“ఇది నాలుగేళ్ళుగా ఇసుక మీదే ఉంది.”

బెల్గాసెం తల గోక్కున్నాడు. “నాలుగేళ్ళా? అట్లాంటిదాన్ని నేను చూళ్ళేదు.”

“ఇప్పుడు చూడు. పోయినేడు పసుపుపచ్చగా ఉండేది, ఈ ఏడు బూడిద రంగుకి తిరిగింది. ఎండకి మారుతుందని ఈయనే చెప్పాడు. అంతకుమించి దీనికి ఏ జబ్బూ రాలేదు.”

ఆ పొద్దున మొదటిసారి ఆమె మొహం తేటపడింది. కొర్రలు బస్తాలో పోసేసి చేతులు దులుపుకుంది.

“నీ లెక్కన ఇది ఎప్పుడో పోయుండాలి. పోలేదు. ఆ పడవలో ఒక్కరూ మిగల్లేదని నాకూ లెక్క చెప్పారు తమ్ముడూ. ఊళ్ళో ఆడవాళ్ళు పరామర్శకు కూడా వచ్చారు. నేను గుమ్మంలోంచే పంపేశాను. ఇది తింటున్నన్నాళ్ళూ అక్కడ వాడూ తింటున్నట్టే నాకు. లెక్కలన్నీ నిజం కావు.”

“అక్కా, నా మాట విను...”

“బస్తా వద్దు. తినకపోవడానికి మందేదైనా ఉంటే ఇవ్వు.” ఆమె మొగుడి వైపు తిరిగింది. “ఇసుక మార్చి చాన్నాళ్ళైంది, అందుకే తిండి సయించడం లేదేమో. సాయంత్రం కొత్తది రెండు బక్కెట్లు తెస్తావా?”

మోస్బా బుట్ట పిడి తడుముతున్నాడు.

“నిన్నే. నాలుగేళ్ళుగా పోస్తున్నది నువ్వే కదా. ఏమైనా అయిందా దీనికి? చెప్పు ఇతనికి.”

పంజరాల్లో పిట్టలు అరుస్తున్నాయి. ఎవరో వచ్చి గింజల ధర అడిగి, జవాబు రాక వెళ్ళిపోయారు. మోస్బా వలతాడు కోసేసిన తన వేళ్ళకేసి చూసుకున్నాడు. ఉడుముకేసి చూశాడు. వంగి బుట్ట మీద గుడ్డ కప్పాడు. తర్వాత తలెత్తకుండానే నోరు విప్పాడు.

“ఇది మూడోది.”