పాటకు నడిచే మనిషి

"మామ్మగారూ, మీరు మళ్లీ ఫ్రేములోకి వచ్చేశారు!"

కావ్యశ్రీ ఫోను దించి తల పట్టుకుంది. ఆ ఉదయం ఇది నాలుగోసారి. స్టేజీకి అవతలి చివర వెంకటరమణమ్మ, ఆకుపచ్చ చీర కొంగు నడుముకు దోపుకుని, తొడ మీద చేత్తో తాళం కొడుతూ నిలబడి ఉంది.

"నేనేం చేసినా పాపా? ఓరగానే గదా ఉండేది."

"ఓరగా కాదండీ. సరిగ్గా తాతగారికి ఎదురుగా ఉన్నారు."

"ఎదురుగా ఉంటేనే ఆయనకు ధైర్యం."

కావ్యశ్రీ యానాం పిల్ల. ఊరుగాని ఊరొచ్చి గోరిమేడులో గది తీసుకుని మూడేళ్లుగా పార్కిన్సన్స్ జబ్బు మీద పరిశోధన చేస్తోంది. ఆ జబ్బున్న మనిషి నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి ఆగిపోతాడు. పాదాలు నేలకు అతుక్కుపోతాయి. పాట వినిపిస్తే, ఆ లయకు మళ్లీ కదులుతాయని నిరూపించడమే ఆమె పని. ఆ సంగతి ఉపన్యాసంలా చెబితే జనం నిద్రపోతారని, పాటతో నాట్యంతో చూపించమన్నారు ఆమె గైడు త్యాగరాజన్ సార్.

ముదలియార్‌పేటలో డాన్సు స్కూలు నడిపే పంకజవల్లి టీచర్ ఒప్పుకున్నారు. మెదడులో కణాలు ఒక్కొక్కటే రాలిపోవడాన్ని ఆవిడ శిష్యురాలు అభినయ ఆడి చూపిస్తుంది. చివర్లో నిజమైన రోగి, మూలకుళం చిన్నబ్బాయి గారు, పాటకు అడుగులు వేస్తూ స్టేజీ దాటాలి. ఆయన దాటితే పరిశోధన నిలబడినట్టు. దాటకపోతే మూడేళ్లు మట్టిపాలు.

చిన్నబ్బాయి గారితో ఏ చిక్కూ లేదు. ముఖంలో ఏ భావమూ కనిపించదు, పిలిస్తే తిరిగి చూడరు, అడిగితే జవాబు రాదు. ఆ జబ్బులో అవన్నీ మామూలే. పుస్తకాల్లో ఉన్న లక్షణాలన్నీ ఒక్క మనిషిలో దొరికాయని కావ్యశ్రీ లోలోపల సంతోషించింది కూడా.

చిక్కంతా భార్యతోనే. మొదటి రోజు ఫారం నింపేటప్పుడే మొదలైంది.

"తాతగారూ, రాత్రి నిద్ర పడుతోందా?"

"బాగా పడతాది," అంది వెంకటరమణమ్మ.

"ఆయన్ని చెప్పనివ్వండి."

"ఆయన చెప్పినా ఇదే గదా చెప్పేది? తక్కినవన్నీ బాగుండాయి. రాసుకో."

వాదించే ఓపిక లేక కావ్యశ్రీ రాసేసుకుంది. ఆ రోజు నుంచీ అంతే. ఆయన మంచినీళ్లు తాగాలన్నా, కూర్చోవాలన్నా ఆవిడే భుజం తట్టి చెప్పాలి. ఆయన నడవాలంటే ఆవిడ ఎదురుగా కాపలా ఉండాలి.

"అసలు రోగి ఆయనా, ఆవిడా?" అని కావ్యశ్రీ విసుక్కుంటే పంకజవల్లి టీచర్ నవ్వేసేవారు.

ఒకరోజు పట్టపగలు రిహార్సల్ మధ్యలో కరెంటు పోయింది. స్పీకరు మూగబోయింది. చిన్నబ్బాయి గారు మాత్రం ఆగలేదు. అదే లయలో, ఒక్క అడుగు తడబడకుండా స్టేజీ దాటారు. కావ్యశ్రీ ఒళ్లు పులకరించింది. 'లయ మనిషి లోపలికి ఇంకిపోయింది' అని నోట్సులో రాసి కింద రెండు గీతలు గీసింది. ఆ వీడియో సార్‌కి పంపుదామని తెరిచి చూస్తే, మూలన ఆకుపచ్చ చీర. ఈసారి ఒళ్లు మండింది.

ప్రదర్శన రోజు సాయంత్రం హాలంతా డాక్టర్లతో నిండిపోయింది. కావ్యశ్రీ వెంకటరమణమ్మ చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది.

"ఈ ఒక్కరోజుకీ మీరిక్కడ కూర్చోండి."

"వద్దు పాపా. నేను కనబడకుంటే ఆయన కదలడు."

"ఆయన కదిలేది పాటకండీ, మీకు కాదు. మూడు నెలలుగా అడుగు అడుగూ కొలిచాను. నాకు తెలీదా?"

ఆవిడ హాలు తలుపు వైపే చూస్తూ వెనకే వచ్చింది. చెప్పుల స్టాండు పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టి, తలుపు మూసి లోపలికి వచ్చేసింది కావ్యశ్రీ. ఎన్నాళ్లకో ప్రాణానికి హాయిగా అనిపించింది.

అభినయ అద్భుతంగా ఆడింది. చిట్టచివరి కణమూ నేలకొరిగింది. చిన్నబ్బాయి గారు స్టేజీ మీదికొచ్చి నడక మొదలుపెట్టాల్సిన గీత దగ్గర నిలబడ్డారు. పాట మొదలైంది.

పాదం లేవలేదు.

పల్లవి అయిపోయింది. కావ్యశ్రీ సైగ చేస్తే సౌండు పెంచారు. ముందు వరుసలో ఎవరో చెవులు మూసుకున్నారు. ఆయన మాత్రం అవతలి చివరనున్న ఖాళీ చోటును చూస్తూ కొయ్యబారిపోయారు. త్యాగరాజన్ సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. కావ్యశ్రీకి ఏడుపొక్కటే తక్కువ.

ఇంతలో పక్క తలుపు తోసుకుని వెంకటరమణమ్మ పరుగున వచ్చింది. మెట్లెక్కి, స్టేజీ అవతలి చివర నిలబడి, తొడ మీద చేత్తో తాళం మొదలుపెట్టింది. చిన్నబ్బాయి గారి కుడిపాదం లేచింది. తర్వాత ఎడమది. పాటకు తగ్గట్టు ఆయన నడుస్తుంటే హాలంతా చప్పట్లు. త్యాగరాజన్ సార్ లేచి నిలబడి మరీ కొట్టారు.

తెర వెనక కావ్యశ్రీ ఇక ఆగలేకపోయింది.

"తృప్తిగా ఉందా మామ్మగారూ? ఆయన పాటకి నడిచారా, మిమ్మల్ని చూసి నడిచారా అని రేపు ఎవరైనా అడిగితే నేనేం చెప్పాలి? ఆ పాట మీద మీకు అంత నమ్మకం లేదా?"

"పాట మంచిదే పాపా. నేనే ఒక మాట దాచినా."

"ఏంటది?"

"ఇంట్లో మంచం కాడ నుంచి వాకిలి దాకా పోలేని మనిషి, ఈడికొచ్చినాకే గదా నడస్తా ఉండేది. నిజం చెప్పి ఉంటే ఆ పొద్దే మమ్మల్ని పంపించేసి ఉందువు. అందుకే నోరు మూసుకుంటి."

ఆవిడ మొగుడి నుదుటి మీది చెమట కొంగుతో తుడిచింది.

"ఆయనకు చెవులు ఇనబడక ఆరేండ్లాయ."