పసుపు పూసిన బర్నర్

పాలు పొంగాలి. మంటేమో రావడం లేదు.

వస్తోంది, వస్తోందనిపించుకోవడానికి. కొత్త ఇత్తడి గిన్నె కింద నీలం చుక్కలు అక్కడక్కడా మినుకుమంటున్నాయి.

అరుణశ్రీ ఒకసారి అటునుంచి, ఒకసారి ఇటునుంచి వంగి చూసింది. పెళ్ళయి మూడో నెల. సింగపూర్ టోవా పాయోలో సొంత ఫ్లాట్. ఈ మధ్య ఆమెకి ఏది చూసినా ముద్దొస్తోంది, ఆఖరికి మండని స్టవ్వు కూడా.

"ముహూర్తం దాటిపోతోందమ్మాయ్!" పప్పు డబ్బాకి ఆనించిన ఫోన్లోంచి అత్తగారు లలితకుమారి, కాకినాడ నుంచి. "అసలే ఆడపడుచు చేత్తో పొంగించాల్సిన పాలు. మనింట్లో ఆడపిల్ల లేకపోయె. మీ మామగారికీ అక్కచెల్లెళ్ళు లేకపోయె. కనీసం వేళకైనా పొంగకపోతే ఎలా?"

"ప్రెషర్ ప్రాబ్లం," అన్నాడు అభిరామ్, యూట్యూబ్ చూస్తూ.

"ఇందాక రెగ్యులేటర్ అన్నావుగా?" అంది అరుణశ్రీ.

"అది వేరే వీడియో."

పక్క పొయ్యి వెలిగించారు. అదీ అంతే.

అరుణశ్రీ తెలుగు ఆడవాళ్ళ గ్రూపు తెరిచి, పొద్దున అత్తమామల పేర్లతో పెట్టిన గృహప్రవేశం కార్డు కిందే రాసింది: "గ్యాస్ మంట సరిగ్గా రావట్లేదు. పాలు పొంగించాలి. దగ్గర్లో ఎవరైనా ఉన్నారా, ప్లీజ్!"

కాసేపటికి గుమ్మం గేటు దగ్గర ఒకావిడ. నేత చీర, నెరిసిన జుట్టు, కొంచెం ఆయాసం. బెల్ కొట్టకుండా, తలుపు మీది ఇంటిపేరు చదువుతూ నిలబడింది.

"గ్రూపులో చూశానమ్మా. స్టవ్వు..."

"రండి ఆంటీ, రండి! ఏ బ్లాకు మీది?"

"సెరంగూన్‌లో ఉంటాం."

"అంత దూరం నుంచా! మా స్టవ్వు కోసం?"

"ట్యాక్సీ ఎక్కితే ఎంతసేపు," అంది ఆవిడ, చెప్పులు విప్పుతూ.

లోపలికొచ్చి అభిరామ్ వైపు కాస్త ఎక్కువసేపే చూసింది. ఆ తర్వాత స్టవ్వు చూసి, నవ్వాపుకోలేక చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇదెవరి పని?"

స్టవ్వంతా చిక్కగా పసుపు. మీద కుంకుమ బొట్లు. రెండు బర్నర్లూ పసుపు ముద్దల్లా ఉన్నాయి.

"నేనే ఆంటీ," అంది అరుణశ్రీ గర్వంగా. "శుభమని."

"స్టవ్వుకి బొట్టు పెడతారు తల్లీ. నువ్వు బర్నర్‌కి నలుగు పెట్టావు! కన్నాలన్నీ పూడుకుపోతే గ్యాసెలా వస్తుంది?"

అభిరామ్ పకపకా నవ్వాడు. "ఇది ఏ వీడియోలోనూ లేదండీ!"

"నవ్వింది చాలు గానీ, ముందు గ్యాస్ కట్టెయ్ నాయనా. ఆ మూతలు తీసి కడుగు. తడి లేకుండా తుడువు. ఏమ్మా, పిన్నీసుందా?"

అరుణశ్రీ పైట పిన్నీసు తీసిచ్చింది. ఆవిడ మళ్ళీ ఆమె చేతిలోనే పెట్టింది.

"నువ్వే పొడువు. ఒక్కో కన్నం."

పసుపు పొడిపొడిగా రాలుతోంటే ఒక్కో కన్నమూ తెరుచుకుంటోంది. అరుణశ్రీకి అదో ఆటలా ఉంది.

"ఆంటీ, ఇక్కడ ఎన్నాళ్ళనుంచి ఉంటున్నారు? పిల్లలున్నారా? అసలు మాకోసం ఎందుకొచ్చారు?"

"అబ్బో, ఎన్ని ప్రశ్నలే! ముందు కన్నాలు చూడు."

మూతలు మళ్ళీ బిగించారు. గిన్నె ఎక్కించారు.

"మీరే వెలిగించండి ఆంటీ."

"నేనా?" ఆవిడ ఒకడుగు వెనక్కి వేసింది. "వద్దమ్మా. మీ ఇల్లు, నువ్వు వెలిగించు."

"మీరు రాకపోతే అసలు మంటే లేదు. ప్లీజ్, ప్లీజ్!"

"ఎవరో ఒకరు కానివ్వండర్రా!" ఫోన్లోంచి అత్తగారు కేకేసింది. "వేళ మించిపోతోంది!"

ఆవిడ ఫోన్‌కి కనబడకుండా పక్కకి జరిగింది. చెయ్యొక్కటే చాపి నాబ్ తిప్పింది.

గుప్పున నీలం మంట, గుండ్రంగా, నిండుగా.

ముగ్గురూ గిన్నె వైపే చూశారు. పాల మీద మీగడ కదిలింది, ఉబ్బింది, తూర్పు వైపుకి పొంగి పొర్లింది.

"పొంగాయ్!" అరుణశ్రీ గెంతింది.

"బర్నర్ మళ్ళీ కడగాలి," అన్నాడు అభిరామ్.

ఆవిడ కళ్ళు తుడుచుకుంటోంది.

"ఏమైంది ఆంటీ?"

"పొగ."

"గ్యాస్‌కి పొగేంటి?"

ఆవిడ అభిరామ్ తల మీద చెయ్యి పెట్టబోయి, భుజం తట్టి ఊరుకుంది. "చల్లగా ఉండండి. వస్తాను."

"పాయసం తినకుండానా!"

"ఇంకోసారి తింటాలే."

అరుణశ్రీ గబగబా తాంబూలం, జాకెట్టు ముక్క సర్ది పరుగెత్తింది. లిఫ్ట్ అప్పటికే దిగిపోయింది. కారిడార్ గోడ మీంచి తొంగి చూస్తే, కింద ట్యాక్సీ మలుపు తిరుగుతోంది.

"ఎవరే ఆవిడ? పేరైనా అడిగావా?" అంది ఫోన్లో అత్తగారు.

"ఉండండత్తయ్యా, గ్రూపులో 'వస్తున్నా' అని పెట్టారు... ఆఁ, తారాదేవి."

అత్తగారు గిరుక్కున వెనక్కి తిరిగి చూసింది. వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి ఫోన్ అందుకుంది. ఎప్పుడూ ఫోన్లోకి రాని మామగారు రంగనాథ్.

"జుట్టు బాగా నెరిసిపోయిందా, అమ్మాయ్?"

"ఎవరికి మామయ్యా?"

"తారకి," అన్నాడాయన. "ఇష్టపడ్డవాణ్ణి పెళ్ళాడిందని, నాకసలు చెల్లెలే లేదని ఇన్నేళ్ళూ అందరికీ చెప్పుకుంటూ వచ్చానమ్మా."