ఎనిమిది గంటల టెస్టు

తెర మళ్లీ నీలంగా మారి బిగుసుకుపోయింది.

"పొద్దుట్నించి ఇది మూడోసారి బాబూ," అంది వదిన, చంకలో పాపను ఎగదోసుకుంటూ. "టైపింగ్ సగంలో ఉన్నాను."

"నువ్వేదో నొక్కి ఉంటావు," అన్నాడు మరిది, ఆమెను కుర్చీలోంచి లేపేస్తూ.

"నేను నొక్కింది అక్షరాలే."

మరిదికి నవ్వొచ్చింది. ఇంజనీరింగ్ రెండో ఏడు చదువుతున్న వాడికి, తొమ్మిదో తరగతిలో బడి మానేసిన మనిషి కంప్యూటర్ గురించి నోరు విప్పితే నవ్వు రాక ఏమొస్తుంది? ప్రాసెసర్‌ను కంపెనీ పెట్టిన వేగానికి మించి పరిగెత్తించడం నెల రోజులుగా వాడి సరదా. దానికి ఓవర్‌క్లాకింగ్ అని పేరు. ఇంట్లో అందరికీ విడమరిచి చెప్పాడు. ఎవరికీ అర్థం కాలేదు. వాడికి కావలసిందీ అదే.

"వేగం పెంచాను కదా, కరెంటు చాలక ఆగుతోంది. వోల్టేజ్ ఇంకాస్త ఎక్కిస్తే సరి."

"ఎక్కిస్తే వేడెక్కదూ? ఒకటీ పాయింట్ మూడు ఐదు దాటకూడదని మొన్న నువ్వే అన్నావు."

"అది పిరికివాళ్లకి," అని వాడు కంప్యూటర్ మళ్లీ ఆన్ చేసి, సెట్టింగుల్లో ఒకటీ పాయింట్ నాలుగు రెండు పెట్టి ఆపేశాడు.

ఆమెకి రేపే పరీక్ష. ఇంట్లో కూర్చుని చేసే టైపింగ్ ఉద్యోగానికి మూడు గంటల పరీక్ష. మధ్యలో కంప్యూటర్ ఆగిందా, అంతే సంగతులు. ఇంకో అవకాశం ఇవ్వరు. ఏడాదిన్నర పాపను వదిలి బయటికెళ్లలేని తనకు ఇలాంటి పని మళ్లీ దొరుకుతుందా?

"ఒక్క రేపటికి పాత వేగానికి మార్చవూ?"

"నీ టైపింగ్ కోసమా? రేసు గుర్రాన్ని తెచ్చి బండికి కట్టమంటావేంటి వదినా!"

వంటింట్లోంచి అత్తగారు అందుకున్నారు. "వాడికి తెలీదా అమ్మాయ్? నీకంటే నాలుగు ముక్కలు ఎక్కువే చదివాడు."

"పోనీ టెస్టన్నా సరిగ్గా చెయ్యి. పది నిమిషాలు నడిపి బాగుందనేస్తావు. ఎనిమిది గంటలు ఆగకుండా నడిస్తేనే నమ్మాలని నువ్వు చూసే వీడియోలో ఆయన చెప్పలేదూ?"

"అబ్బో, చెవులు ఇటే పడేస్తున్నావన్నమాట!" వాడు బ్యాటు చేతిలోకి తీసుకున్నాడు. "సరే, నీ ముచ్చట ఎందుకు కాదనాలి? నాకు మ్యాచ్ ఉంది, సాయంత్రం దాకా రాను. మళ్లీ ఆన్ చేసి, తెర మీద టెస్టు బొమ్మ నొక్కు. అదే నడుస్తుంది. ఇదైనా చేతనవునా?"

"చేతనవును."

"ఆన్ అయ్యేటప్పుడు మాత్రం డిలీట్ మీట జోలికి పోకు. నా సెట్టింగుల్లోకి పోతుంది. నీ చెయ్యి తగిలితే నా నెల కష్టం బూడిదపాలు."

"అమ్మో, నాకెందుకొచ్చిన గొడవ."

తొమ్మిదింటికి టెస్టు మొదలైంది. పాప వేళ్లు పవర్ బటన్ మీద పడకుండా ఆమె రెండు స్టూళ్లు అడ్డం పెట్టింది. అరగంటకోసారి వచ్చి, వేడి ఎంతుందో చూసి పాత నోటుపుస్తకంలో రాసుకుంది. అన్నం కూడా ఆ గుమ్మంలోనే తింది.

"దానికేమన్నా జ్వరమొచ్చిందా, అస్తమానం చూసి రాసుకుంటున్నావ్?" అన్నారు అత్తగారు.

"భయంగా ఉందత్తయ్యా."

"భయపడే వాళ్లకి ఉద్యోగాలెందుకో!"

మరిది అయిదున్నరకి దుమ్ము కొట్టుకుని వచ్చాడు. తెర మీద ఎనిమిది గంటలు పూర్తి. తప్పులు సున్నా. వేడి ఎక్కువలో ఎక్కువ అరవై ఒక్క డిగ్రీలు.

వాడు ఈల వేశాడు. కాళ్లు కూడా కడుక్కోకుండా స్నేహితుడికి ఫోన్ కొట్టాడు. "ఒరేయ్, నీది తొంభై దాటుతుందన్నావుగా? నాది అరవై ఒకటి! చెయ్యి తిరగాలిరా, చెయ్యి!"

అరవై ఒకటి ఉన్న చోటు మాత్రం ఫొటో తీసి పదిమందికి పంపాడు. పక్కనే చిన్న అక్షరాల్లో ఇంకేవో అంకెలున్నాయి. వాటిని చదివే ఓపిక వాడికి ఏనాడూ లేదు. తర్వాత కూర్చుని ఓ గంట ఆట ఆడాడు.

"బాణంలా పోతోంది! నిన్నటికీ ఇవాళ్టికీ తేడా తెలుస్తోందా వదినా?"

"బాగా తెలుస్తోంది."

"నీకేం తెలుస్తుందిలే."

మర్నాడు పరీక్ష మూడు గంటలూ పాప అత్తగారి ఒళ్లో ఏడుస్తూనే ఉంది. వదిన అరచేతులు చెమటకి జారుతుంటే చీర చెంగుకి తుడుచుకుంటూ టైపు కొట్టింది. తెర ఒక్కసారీ నీలం కాలేదు. ఆఖర్న 'ఎంపికయ్యారు' అని వచ్చింది.

"చూశావా అమ్మా?" మరిది వెనకనుంచి చప్పట్లు కొట్టాడు. "ఉద్యోగం ఆవిడది కాదు, నా వోల్టేజ్‌ది."

"మరిది చలవ అమ్మాయ్, మర్చిపోకు," అన్నారు అత్తగారు.

"ఎలా మర్చిపోతానత్తయ్యా?" వదిన పాపను అందుకుంది. "నువ్వు అంత వివరంగా చెప్పకపోతే నాకేం తెలిసేది బాబూ!"

"అదీ, అలా ఒప్పుకో," అన్నాడు వాడు ఛాతీ విరుచుకుని.

వాడి సెట్టింగులన్నీ ఆమె టెస్టుకు ముందే తీసేసింది.