పెజో కారు బ్రేకులు

“నొక్కమను,” కారు కింద నుంచి శ్రీరామ్మూర్తి అరిచాడు.

ఆ అరుపు పక్కింటికి కూడా వినిపించింది. డ్రైవరు సీట్లో కూర్చున్న తమ్ముడు అప్పలసూరి మాత్రం కాలు కదపలేదు. గుమ్మంలో బియ్యం ఏరుతున్న వదిన ఆదిలక్ష్మమ్మ వైపు చూశాడు.

“నొక్కమంతన్నారు, సూరీ.”

“నొక్కినానని సెప్పు, వదినా.”

“నొక్కినాడట.”

“అలాగే తొక్కిపట్టి ఉండమను. నాను సెప్పీదాకా కాలు తియ్యొద్దను.”

తండ్రి పెద్దకర్మ నాడు “బతికుండగా ఏనాడైనా నాన్ననొచ్చి సూసేవేట్రా” అని శ్రీరామ్మూర్తి తమ్ముణ్ణి పదిమందిలో అనేశాడు. ఆనాటి నుంచీ అన్నదమ్ములకు మాటల్లేవు. పెద్దలు కూర్చుని ఈ గాజువాక ఇల్లు అన్నకీ, ఊళ్ళో పొలం తమ్ముడికీ పంచారు. కారును పంచడం మాత్రం వాళ్ళవల్ల కాలేదు. పోర్టులో పని ముగించుకుని పోతూ పోతూ ఒక ఫ్రెంచి దొర తన డ్రైవరుకు, అంటే వీళ్ళ నాన్నకు, వదిలిపోయిన పెజో అది. ఇద్దరూ కలిసి బాగుచేసి అమ్ముకోండి, అంతటితో ఎవరి దారి వాళ్ళది అన్నారు పెద్దలు.

అన్నీ కుదిరాయి గానీ బ్రేకులే కుదరడం లేదు. గొట్టాల్లో గాలి చేరి పెడలు నేలకు దిగిపోతోంది. ఆ గాలి తియ్యాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఒకడు పైన పెడలు తొక్కిపట్టాలి. ఒకడు కింద చక్రం వెనక నట్టు వదులు చేసి, గాలి పోయాక బిగించాలి. బిగించేలోగా పైవాడు కాలు తీశాడంటే గాలి మళ్ళీ లోపలికి పోతుంది. అందుకే ప్రతి ఆదివారం అప్పలసూరి కంచరపాలెం నుంచి మొహం గంటు పెట్టుకుని బస్సెక్కి రాక తప్పడం లేదు. సాయంత్రం బేరగాడు గురునాథరావు రావడం, కారు కదలకముందే పెడలు తొక్కి చూసి “అన్నదమ్ములు కలిసి నన్ను సముద్రంలోకి తోసీలా ఉన్నారు” అని నవ్వి పోవడం కూడా మామూలైపోయింది.

లోపల పాలు పొంగిన చప్పుడైంది. ఆదిలక్ష్మమ్మ చేట కింద పెట్టి పరిగెత్తింది.

“నట్టు ఇప్పినాను. తియ్యొద్దను,” అన్నాడు శ్రీరామ్మూర్తి కింద నుంచి.

చెప్పడానికి గుమ్మంలో ఎవరూ లేరు. అప్పలసూరికి పిక్క పట్టేసింది. పళ్ళు బిగబట్టి చూశాడు. వదిన రాలేదు. కాలు తీసేశాడు.

కింద సీసాలో పెట్టిన గొట్టం గుడగుడమంది.

“ఎవడ్రా తియ్యమన్నాడు నిన్ను?” శ్రీరామ్మూర్తి కారు కింద నుంచి పాక్కుంటూ బయటికొచ్చాడు. మొహం నిండా మసి, గెడ్డం మీద బ్రేకాయిలు. “కాలికేటి, పచ్చవాతమొచ్చిందా?”

అప్పలసూరి తలుపు విసురుగా తోసి దిగాడు. “వదినా, మాటల్లేవన్న పెద్దమనిషి నాతో ఎందుకు మాటాడతన్నాడో అడుగు.”

“గాడిదతో మాటాడినానని సెప్పు.”

“గాడిదని ఆదివారం ఆదివారం ఎందుకు రప్పించుకుంతన్నాడో అడుగు.”

ఆదిలక్ష్మమ్మ మసిగుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. “నా నోరేటి, టెలిఫోన్ ఎక్సేంజీయా? ఎదురుగా ఉన్నారు కదా, మీలో మీరు తిట్టుకోండి. నాకవతల కూరుంది.”

“నాన్నుంటే ఈ పనికి ఈడి కాలు ఇరగ్గొట్టీవోడు,” అన్నాడు శ్రీరామ్మూర్తి పెళ్ళాం వైపు చూస్తూ.

“నాన్నుంటే ముందు నువ్వన్న మాటకి నీ పళ్ళు రాలగొట్టీవోడు.”

శ్రీరామ్మూర్తి చేతిలో పానా గోడకేసి కొట్టాడు. పెచ్చు ఊడింది. రోడ్డు మీద స్టీలు ప్లాంటు మట్టి లారీ పోయి ఎర్రటి దుమ్ము ముగ్గురి మీదా పడింది. చివరికి శ్రీరామ్మూర్తే వెళ్ళి పానా తీసుకుని మళ్ళీ కారు కిందికి దూరాడు.

“నొక్కమను.”

“నొక్కినానని సెప్పు.”

నాలుగు చక్రాలూ మళ్ళీ మొదటి నుంచి చేశారు. పొద్దు వాలుతుండగా అప్పలసూరి కాలి కింద పెడలు గట్టిపడింది. మళ్ళీ తొక్కాడు. రాయిలా నిలిచింది. వాడి మొహం మరింత ముడుచుకుంది.

శ్రీరామ్మూర్తి ముందు చక్రం దగ్గర్నుంచి లేచి నిలబడ్డాడు. “అయిపోనాది. గురునాథరావు ఇప్పుడొచ్చి పట్టుకుపోతాడు. ఇంకీ ఇంటికి రానక్కర్లేదని సెప్పు.”

“పల్లకీ పంపినా రానని సెప్పు.”

“పల్లకీ ఎవడు పంపుతాడని అడుగు.”

శ్రీరామ్మూర్తి విసవిసా దొడ్లోకి నడిచి మొహం కడుక్కోవడం మొదలుపెట్టాడు. అప్పలసూరి చొక్కా దులుపుకున్నాడు. చెప్పులు వేసుకున్నాడు. గేటు దాకా వెళ్ళాడు. చేత్తో గేటు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఆపైన గిర్రున వెనక్కి వచ్చి, అటూ ఇటూ చూసి, పానా తీసుకుని వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నాడు. అన్న బిగించిన నట్టుకు పానా తగిలించాడు.

“ఈ వారం నువ్విప్పకుండా ఒగ్గీ, సూరీ.” మళ్ళీ గుమ్మంలో కూర్చుని, తల ఎత్తకుండా బియ్యం ఏరుతూనే అంది ఆదిలక్ష్మమ్మ. “మీ అన్న ముందు సక్రం నట్టు ఎప్పుడో ఇప్పీసే లేచేరు. రెండూ కారితే ఇద్దరూ దొరికిపోతారు.”